కత్తిని ఒరలో పెట్టడం: ఇయాయిదో సాధన మొదలుపెట్టేవాళ్ల కోసం

గురువారం సాయంత్రం ఏడింటికి, టోక్యోలో మా వార్డు వ్యాయామశాల రెండో అంతస్తులో, పన్నెండు మందిమి చెక్క నేల మీద మోకాళ్లపై కూర్చుంటాం. ఒక్కొక్కరి నడుముకీ ఒక కత్తి. ఎదురుగా ఎవరూ ఉండరు. రెండు గంటలపాటు ఆ లేని మనిషి మీదకి కత్తి దూస్తాం, నరుకుతాం, మళ్లీ ఒరలో పెడతాం. మొదటిసారి చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు దూయడం మీదే ఉంటాయి. నేనూ దానికోసమే చేరాను. తొమ్మిదేళ్లు గడిచాక, ఈ విద్య వల్ల నాకు జరిగిన మేలు దాదాపు అంతా ఆఖరి పనిలోనే, అంటే కత్తిని తిరిగి ఒరలో పెట్టడంలోనే ఉందని నమ్ముతున్నాను.

కోపం గురించి మాట్లాడేటప్పుడు మనం కత్తులు నూరుకుంటాం, కత్తి కడతాం, కత్తి దూస్తాం. దూసిన దాన్ని మళ్లీ లోపల ఎలా పెట్టాలో చెప్పే మాట మాత్రం నాకు తట్టడం లేదు. నా జీవితంలోనూ అంతే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఇందులో చేరేనాటికి, మీటింగ్‌లో ఎవరైనా నా మాట కొట్టిపారేస్తే సీటు దగ్గరికి వచ్చేలోపే మెయిల్ తయారైపోయేది. పంపేసేదాన్ని. పావుగంట తర్వాత బాధ మొదలయ్యేది. ఫోన్లో గొడవైతే అవతలివాళ్ల మాట పూర్తికాకముందే పెట్టేసేదాన్ని. ఏ పనైనా మొదలుపెట్టడం నాకు సులువు. ముగించడం చేతకాదు. మీలో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే, కింద రాసింది మీకు బాగా పనికొస్తుంది.

ముందు ఇదేమిటో క్లుప్తంగా చెప్తాను. ఒరలో ఉన్న కత్తిని దూస్తూనే మొదటి వేటు వేసే విద్య ఇయాయిదో. కెండోలో ఇద్దరు వెదురు కత్తులతో తలపడతారు. ఇక్కడ ప్రత్యర్థి మన ఊహలో ఉంటాడు. ముందే నిర్ణయించిన కదలికల వరసని కతా అంటారు, సాధనంతా ఆ కతాల మీదే నడుస్తుంది. దీనికి ఆద్యుడిగా చెప్పుకునే హయాషిజాకి జిన్‌సుకె షిగెనొబు 16వ శతాబ్దం వాడు. యమగాతా ప్రిఫెక్చర్‌లోని (మన రాష్ట్రం లాంటి విభాగం) మురయామాలో ఆయన్ని కొలిచే గుడి ఉంది. 1876లో మెయిజీ ప్రభుత్వం నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. ఆ దెబ్బతో ఈ విద్యకి వీధిలో పని లేకుండా పోయింది. అయినా తోసాలో, అంటే ఇప్పటి కోచిలో, ఒయె మసామిచి లాంటి గురువులు దాన్ని వదలకుండా నేర్పారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, జపాన్ మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉన్న కాలంలో కత్తి విద్యలకి మళ్లీ అడ్డంకులొచ్చాయి. 1952లో అఖిల జపాన్ కెండో సమాఖ్య ఏర్పడింది. 1969లో ఆ సమాఖ్య ఏడు కతాలని ఖరారు చేసింది. 1980లో మూడు, 2000లో రెండు కలిపింది. ఇప్పుడు మొత్తం 12. పాత సంప్రదాయాలు వేరుగా చాలా ఉన్నాయి గానీ, కొత్తగా చేరిన వాళ్లలో ఎక్కువమంది ఈ పన్నెండుతోనే మొదలుపెడతారు.

అదే సమాఖ్య 1975లో కెండో ధ్యేయాన్ని ఒక వాక్యంలో చెప్పింది. కత్తి సూత్రాల సాధన ద్వారా మనిషిని తీర్చిదిద్దుకునే దారి అని దాని సారాంశం. మా దోజో, అంటే సాధన చేసే చోటు, గోడ మీద ఆ వాక్యం ఉంది. చేరిన కొత్తలో అది అలంకారంగా రాసిన మాట అనుకున్నాను. ఇప్పుడు అందులో ఒక్క పదం కూడా ఎక్కువ అనిపించదు.

దోజో ఎలా వెతకాలి

జపాన్‌లో ఉంటే వెతకడం పెద్ద కష్టం కాదు. ప్రతి ప్రిఫెక్చర్‌కీ ఒక కెండో సమాఖ్య, దానికి ఇయాయిదో విభాగం ఉంటాయి. వార్డు ఆఫీసు పంచే పత్రికలో, వ్యాయామశాల నోటీసు బోర్డు మీద క్లబ్బుల వివరాలు కనిపిస్తాయి. నాకు దొరికింది నోటీసు బోర్డు మీదే. ముందుగా ఫోన్ చేసి, చూడటానికి రావచ్చా అని అడగండి. జపనీస్‌లో దాన్ని కెన్‌గకు అంటారు. కాదనేవాళ్లు అరుదు.

చూడటానికి వెళ్లినప్పుడు సెన్సెయ్, అంటే గురువు, ఎంత బాగా కత్తి తిప్పుతున్నాడో చూడకండి. అది అంచనా వేసే కన్ను మనకింకా ఉండదు. తప్పు చేసిన విద్యార్థితో ఆయన ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. వయసు పైబడినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. మోకాళ్లు నొప్పి పుట్టినవాళ్లు నిలబడి చేసే కతాలు చేసుకుంటున్నారా, లేక సిగ్గుపడుతూ కూర్చునే చేస్తున్నారా? ఇద్దరి మధ్య దూరం ఎంత వదులుతున్నారు? ఒకరి వెనక ఒకరు వెళ్లేటప్పుడు ఆగి చూసి వెళ్తున్నారా? ఈ చివరి రెండూ సరిగ్గా లేని చోట చేరొద్దు. మా సెన్సెయ్‌కి ఎనభై ఒక్కేళ్లు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. నేను చూడటానికి వెళ్లిన రోజు ఒక కుర్రవాడు చాలా వేగంగా కత్తి దూశాడు. సెన్సెయ్ ఏమీ అనలేదు. అతను కత్తిని ఒరలోకి తోసేస్తుంటే మాత్రం వెళ్లి అతని మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఆపారు, మళ్లీ చేయించారు. ఆ రాత్రే చేరిపోవాలని నిర్ణయించుకున్నాను.

మా క్లబ్బు ఫీజు నెలకి 3,000 యెన్. సొంత దోజో ఉన్నచోట ఇంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. జపనీస్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు. శరీరాన్ని చూసి నేర్చుకునే విద్య ఇది. పక్కన కూర్చుని ఇతరుల సాధన చూడటాన్ని కూడా ఇక్కడ సాధనగానే లెక్కిస్తారు, దానికి మితోరి గెయికో అనే పేరు కూడా ఉంది.

కత్తి ఎప్పుడు కొనాలి

తొందరపడకండి. మొదట్లో దోజోలో ఉన్న కత్తి అరువిస్తారు, లేదా బొకుతో అనే చెక్క కత్తితో మొదలుపెట్టిస్తారు. ప్లాస్టిక్ ఒరతో వచ్చే బొకుతో నాలుగైదు వేల యెన్‌కి దొరుకుతుంది. మొదటి నెలలకి అది చాలు.

నేను ఈ సలహా వినలేదు. చేరిన రెండో వారమే ఒక దుకాణంలో ఇంట్లో అలంకారానికి పెట్టుకునే కత్తి కొన్నాను. చూడటానికి అచ్చం అలాగే ఉంది, ధర కూడా తక్కువ. సెన్సెయ్ దాన్ని రెండు చేతులతో అందుకుని, పిడిని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు. లోపల ఏదో కదులుతున్న చప్పుడు. దీన్ని దోజోలో ఒరలోంచి తీయొద్దని మృదువుగా చెప్పి తిరిగి ఇచ్చారు. కత్తి అలుగు పిడిలోకి చొచ్చుకుని ఉండాలి, మెకుగి అనే వెదురు మేకు దాన్ని బిగించి పట్టుకోవాలి. అలంకారపు కత్తుల్లో ఆ పట్టు అంత గట్టిగా ఉండదు. విసురుగా తిప్పితే అలుగు ఊడి ఎదుటివాళ్ల మీదకి పోవచ్చు.

సాధనకి వాడేది ఇయాయితో. జింకు, అల్యూమినియం కలిసిన లోహంతో చేస్తారు, పదును ఉండదు. మొన మాత్రం మొనే, గుచ్చుకుంటుంది. పొడవుని షాకు, సున్ కొలతల్లో చెప్తారు. ఒక షాకు 30.3 సెంటీమీటర్లు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, నా కత్తి అలుగు 2 షాకు 3 సున్, అంటే సుమారు 70 సెంటీమీటర్లు. పొడవు సెన్సెయ్‌నే నిర్ణయించమనండి. పొడవైన కత్తి దూయడానికి గొప్పగా ఉంటుంది, ఒరలో పెట్టేటప్పుడు చేయి చాలక భుజం లేస్తుంది. నేను ఆరు నెలలు ఆగి, 62,000 యెన్ పెట్టి కొన్న కత్తినే ఇప్పటికీ వాడుతున్నాను.

దుస్తుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కెయికోగి అనే చొక్కా పైన, హకమా అనే కుచ్చుల వదులు లాగు కింద, నడుముకి ఒబి అనే వెడల్పాటి పట్టీ. ఒబి బిగువుగా, తుంటి ఎముకల మీద నిలవాలి, లేకపోతే ఒర జారిపోతూ ఉంటుంది. మోకాళ్లకి మెత్తటి పట్టీలు మొదటి రోజు నుంచే వేసుకోండి. హకమా లోపల అవి ఎవరికీ కనిపించవు. ఓర్చుకుంటే గొప్ప అనుకుని నేను నాలుగు నెలలు వేసుకోలేదు. ఆ తర్వాత రెండు నెలలు మెట్లు దిగడం కష్టమైంది.

చట్టం సంగతి తప్పకుండా తెలుసుకోండి. పదును లేకపోయినా, కత్తిలా కనిపించే లోహపు వస్తువుని సరైన కారణం లేకుండా జపాన్‌లో వెంట తీసుకెళ్లకూడదు. సాధనకి వెళ్లిరావడం సరైన కారణమే. సంచీలో పెట్టి, మూతి కట్టి, నేరుగా దోజోకి, అక్కడి నుంచి నేరుగా ఇంటికి. మధ్యలో షాపింగ్ పెట్టుకోవద్దు. పార్కులో సాధన అసలు చేయొద్దు, చూసినవాళ్లకి భయం, మీకు చిక్కు. నిజమైన ఉక్కు కత్తికైతే ప్రిఫెక్చర్ విద్యా మండలి ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి, చేతులు మారితే 20 రోజుల్లోపు తెలియజేయాలి. ఇతర దేశాల్లో కొన్న ఉక్కు కత్తిని జపాన్‌కి తేవాలనే ఆలోచన మానుకోండి.

మొదటి మూడు నెలలు

కూర్చోవడం, లేవడం, వంగి నమస్కరించడం. నిజంగా ఇంతే. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు ముందు నేలకి ఆనాలి, లేచేటప్పుడు కుడి పాదం ముందు కదలాలి. కారణం సులువు. కత్తి ఎడమ వైపు ఉంటుంది, కుడి చేత్తో దూస్తాం. కుడి కాలు స్వేచ్ఛగా ఉంటే, కూర్చుంటున్న మధ్యలో కూడా అవసరమైతే కత్తి దూయొచ్చు. ఇది తెలిశాక నాకు నమస్కారం కూడా వేరుగా కనిపించింది. మోకాళ్లపై కూర్చుని కత్తిని ముందు పెట్టి వంగేటప్పుడు ఎడమ చేయి ముందు నేలకి చేరుతుంది, కుడి చేయి తర్వాత. పైకి లేచేటప్పుడు కుడి చేయి ముందు వస్తుంది. వినయంగా ఉంటూనే మెలకువగా ఉండటం ఎలాగో ఆ రెండు చేతుల వరస చూపిస్తుంది.

చూపు ఎక్కడ ఉండాలో కూడా ఈ దశలోనే నేర్పుతారు. దూరంగా ఉన్న కొండని చూస్తున్నట్టు చూడమంటారు. ఒక్క చోట గుచ్చి చూస్తే మిగతాది కనిపించదు. కొత్తవాళ్ల చూపు పదేపదే సొంత చేతుల మీదకే పోతుంది. నా చూపు అక్కడి నుంచి లేవడానికి ఏడాది పట్టింది.

మాయె: మొదటి కతా

పన్నెండింటిలో మొదటిది మాయె, అంటే ముందు వైపు. జీవితాంతం దీన్ని చేస్తూనే ఉంటారు. ఎనిమిదో దాన్ (దాన్ అంటే పరీక్ష పాసైతే ఇచ్చే స్థాయి) వాళ్లు కూడా సాధనని దీనితోనే మొదలుపెట్టడం చూశాను.

కథ ఇది. ఎదురుగా ఒక మనిషి మీలాగే మోకాళ్లపై కూర్చుని ఉన్నాడు. అతనిలో మిమ్మల్ని చంపాలన్న ఉద్దేశం కదిలింది. దాన్ని పసిగట్టి మీరు ముందుగా అతని కణత మీద అడ్డంగా వేటు వేస్తారు, ఆ వెంటనే తల మీద నిలువుగా నరుకుతారు. ఆ మనిషిని ఊహించుకోకుండా చేస్తే ఇది వట్టి వ్యాయామం. మీ ఎత్తే ఉన్న మనిషిని అనుకోండి, మీకు తెలిసిన మనిషిని మాత్రం అనుకోవద్దు. మొదటి ఏడాది నేను ఒక సహోద్యోగిని ఊహించుకున్నాను. ప్రతి వేటులో భుజాలు బిగుసుకుపోయేవి. ఎవరిని తలచుకుంటున్నావని సెన్సెయ్ అడిగినప్పుడు తల దించుకున్నాను.

మూడు శ్వాసలు తీసుకోండి. రెండు చేతులూ ఒకేసారి కత్తి మీదకి వెళ్లాలి. ఎడమ చేయి ఒర మూతిని చుట్టుకుంటుంది. దాన్ని కొయిగుచి అంటారు, కార్ప్ చేప నోరు అని అర్థం. ఎడమ బొటనవేలితో త్సుబాని, అంటే పిడికీ అలుగుకీ మధ్య ఉన్న బిళ్లని, కొద్దిగా ముందుకి తోస్తే పట్టు వదులుతుంది. తుంటి లేపుతూ, కాలి వేళ్లు నేలకి ఆనించి, నెమ్మదిగా దూయడం మొదలుపెట్టండి. పోనుపోను వేగం పెరగాలి. కుడి పాదం ముందుకి పడే క్షణానికి మొన ఒరని వదలాలి. ఇక్కడ కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటే, కత్తిని కుడి చేత్తో బయటికి లాగుతారు. సగం పని ఎడమ చేయిది. అది ఒరని వెనక్కి లాగాలి. దీన్ని సయాబికి అంటారు. ఒర వెనక్కి పోతే ఛాతీ తెరుచుకుంటుంది, కత్తి దానంతటదే బయటపడుతుంది.

తర్వాత కత్తి ఎడమ చెవి పక్క నుంచి వెనక్కి పొడుస్తున్నట్టుగా తల మీదకి వెళ్తుంది, ఎడమ చేయి పిడి చివర చేరుతుంది, నిలువుగా నరుకుతాం. మొన నేలకి సమాంతరంగా ఉండే ఎత్తు కన్నా కొంచెం కిందకి దిగి ఆగుతుంది. పట్టు చిటికెన వేలు, ఉంగరం వేలులో ఉండాలి. తడిబట్ట పిండేటప్పుడు రెండు చేతులూ లోపలికి ఎలా తిరుగుతాయో అలాగ. గాడి ఉన్న అలుగు సరైన కోణంలో దిగితే గాలి చీల్చిన శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసం ఎగబడొద్దు. కోణం కుదిరిందని అది చెప్తుంది, అంతకు మించి ఏమీ చెప్పదు.

ఆ పైన చిబురి, అంటే అలుగు మీది రక్తం దులపడం. గొడుగు మీద నీళ్లు దులిపినట్టు చేయమంటారు. దులుపుతూ లేచి నిలబడి, ఎడమ పాదాన్ని కుడి పాదం పక్కకి తెచ్చి, కుడి పాదం వెనక్కి వేస్తాం.

ఇప్పుడు నోతో. కత్తిని ఒరలో పెట్టడం.

ఎడమ చేయి కొయిగుచిని పట్టుకుని నాభి ముందుకి తెస్తుంది. కుడి చేయి అలుగు వీపుని, అంటే పదును లేని అంచుని, త్సుబా దగ్గర కొయిగుచి మీద ఆనిస్తుంది. అక్కడి నుంచి కుడి చేయి పక్కకి జారుతుంది. అలుగు పొడవంతా ఒర మూతి మీదుగా పాకుతూ పోయి, మొన వచ్చి ఆ మూతిలో పడుతుంది. అప్పుడు ఒర కత్తి మీదకి వస్తుంది, కత్తి ఒరలోకి వెళ్తుంది. రెండూ కలిసి కదలాలి. ఇదంతా జరుగుతుండగా కుడి మోకాలు నెమ్మదిగా నేలకి దిగుతుంది. మోకాలు ఆనే క్షణం, త్సుబా ఒరకి తగిలే క్షణం ఒకటే కావాలి. కళ్లు మొత్తం సేపూ ఎదురుగా పడిపోయిన మనిషి మీదే ఉండాలి. అతను ఇంకా బతికి ఉండొచ్చు. ఈ మెలకువని జాన్‌షిన్ అంటారు, మిగిలి ఉండే మనసు అని చెప్పుకోవచ్చు.

దీన్ని నేర్చుకునే పద్ధతి చెప్తాను. మొదటి నెల రోజులూ నోతోని విడిగా, ఇరవై సార్లు, లెక్కపెట్టుకుంటూ చేయండి. మొన మూతిలో పడేదాకా ఒక శ్వాస, లోపలికి వెళ్లేదాకా ఒక శ్వాస. ఎడమ చేతి వేళ్లు మూతి అంచు దాటి పైకి పొడుచుకు రాకూడదు. ఇప్పుడు పదును లేదు కాబట్టి ఏమీ కాదు, కానీ పదేళ్ల తర్వాత అసలు కత్తి పట్టుకున్నా ఇదే అలవాటు చేతిలో ఉంటుంది. మొన దొరక్కపోతే కిందకి చూడాలనిపిస్తుంది. చూడొద్దు. ఆగి, ఎడమ బొటనవేలు, చూపుడు వేలు మధ్య లోహం ఎక్కడుందో చర్మంతో వెతుక్కోండి. ఆఖరి పిడికెడు పొడవుని మిగతా దానికన్నా నెమ్మదిగా పెట్టండి. అందరూ తొందరపడేది అక్కడే. ఇక అయిపోయిందిలే అని మనసు ముందే లేచి వెళ్లిపోతుంది, చేతులు మాత్రం పని పూర్తిచేస్తుంటాయి.

నా తప్పు సరిగ్గా ఇదే. వేటు వరకు నేను బాగానే చేస్తాను. ఆ తర్వాత నాకు ఆసక్తి పోయేది. కత్తి లోపలికి వెళ్తుండగానే తర్వాతి కతా గురించి ఆలోచించేదాన్ని. మూడో దాన్ పరీక్షలో ఇదే నన్ను ఓడించింది. నమస్కారం నుంచి నమస్కారం వరకు ఆరు నిమిషాల్లో ఐదు కతాలు చేసి చూపాలి. నేను నాలుగు నిమిషాల ఇరవై సెకన్లలో ముగించాను. బాగా చేశాననే అనుకున్నాను. ఫలితాల కాగితంలో నా నంబరు లేదు. తోటి విద్యార్థి తీసిన వీడియో ఆ రాత్రి చూశాను. ఐదు నోతోలూ తలుపు ధడేల్మని వేసినట్టున్నాయి. ఆఫీసులో పంపిన మెయిళ్లు, మధ్యలో పెట్టేసిన ఫోన్లు అన్నీ ఆ వీడియోలో నాకు కనిపించాయి. ఆ రోజు బాగా ఏడ్చాను. మరుసటి గురువారం సెన్సెయ్ దూయడం పూర్తిగా మాన్పించారు. మూడు నెలలు దూసిన కత్తితో మొదలుపెట్టి ఒరలో పెట్టడం మాత్రమే.

దోజో బయట

కత్తి తిప్పితే గుణం దానంతటదే మారుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నేర్చుకున్న ఒక్క కదలికని రోజువారీ పనిలోకి చేత్తో పట్టుకుని తీసుకెళ్లాలి. నేను చేసినవి ఇవి.

కోపంతో మెయిల్ రాశాక రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంటాను. రెండు శ్వాసలు. మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా, అవతలి మనిషి ముఖం ఊహించుకుంటూ చదువుతాను. ఆ తర్వాత కూడా పంపాలనిపిస్తే పంపుతాను. పంపినవి ఉన్నాయి. వాటి గురించి తర్వాత బాధపడలేదు. ఫోన్లో అవతలివాళ్లు పెట్టేదాకా నేను పెట్టను. మీటింగ్ ముగిసే ముందు రెండు నిమిషాలు నా లాప్‌టాప్ మూయను. మాటకి మాట అయ్యాక గదిలోంచి లేచిపోకుండా అక్కడే కూర్చుంటాను, ఏమీ మాట్లాడకపోయినా సరే.

మొదటి కొన్నేళ్లు వీటిలో ఏదీ చేయలేదు, కాబట్టి ఏ మార్పూ రాలేదు కూడా. పరీక్ష పోయాకే మొదలైంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. క్లాసు అయిన రోజు రాత్రి రెండే వాక్యాలు రాయండి: ఈ రోజు సెన్సెయ్ దిద్దిన ఒక్క విషయం, ఈ వారం బయట అదే తప్పు ఎక్కడ చేశాను. మొదటి వాక్యం సులువుగా వస్తుంది. రెండోది చాలా వారాలు ఖాళీగా ఉంటుంది. ఖాళీగానే వదిలేయండి, కల్పించి రాయొద్దు.

ఇంట్లో సాధన చేసేవాళ్లు ముందు పైకప్పు చూసుకోండి. అపార్ట్‌మెంట్లో కత్తి ఎత్తితే దీపానికి తగులుతుంది. నేను ఇంట్లో నోతో, కూర్చోవడం, లేవడం మాత్రమే చేస్తాను. రోజూ పది నిమిషాలు. వారానికి ఒకసారి రెండు గంటలు ఆయాసపడటం కన్నా ఇది ఎక్కువ పనిచేసింది.

ఇంకో అలవాటు చెప్పాలి, దీని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. ఒర లోపలి చెక్క హో అనే చెట్టుది, చాలా మెత్తన. తప్పుగా దూసినా, తప్పుగా పెట్టినా అలుగు ఆ చెక్కని గీరుతుంది. నెలకోసారి కత్తి బయటపెట్టి, ఒరని తలకిందులు చేసి తెల్ల కాగితం మీద మెల్లగా తట్టండి. సన్నటి చెక్కపొడి రాలుతుంది. మొదటి ఏడాది నాకు చెంచాడు వచ్చేది. ఒర మూతి ఏ వైపు అరిగిందో సెన్సెయ్‌కి చూపిస్తే, మీ చేయి ఎటు లాగుతోందో చెప్పేస్తారు. నోట్‌బుక్‌లో మనం మనకి నచ్చినట్టు రాసుకోగలం. ఆ పొడి దగ్గర అది కుదరదు.

దాన్‌ల గురించి కంగారు పెట్టుకోవద్దు. మొదటి దాన్ తర్వాత రెండో దానికి ఏడాది, మూడో దానికి రెండేళ్లు, నాలుగో దానికి మూడేళ్లు ఆగాలి. అలా పెరుగుతూ పోతుంది. ఎనిమిదో దాన్ పరీక్ష రాయాలంటే ఏడోది వచ్చి పదేళ్లు కావాలి, వయసు నలభై ఆరు నిండాలి. ఆగే కాలాన్ని నియమంలోనే పెట్టేశారు కాబట్టి తొందరకి అర్థం లేదు. నాకు ఇప్పుడు నాలుగో దాన్.

వీలైతే ఒక్కసారి మే నెల మొదట్లో క్యోటో వెళ్లండి. హెయియాన్ జింగూ గుడి దగ్గర 1899లో కట్టిన బుతొకుదెన్ అనే చెక్క మందిరం ఉంది. అక్కడ జరిగే ప్రదర్శనల్లో ఇయాయిదో కూడా ఉంటుంది. దేశం నలుమూలల నుంచి పెద్ద దాన్‌ల వాళ్లు వస్తారు. ఒక పెద్దాయన నేల మీదకి వంగడానికే చాలాసేపు తీసుకున్నాడు. ఆయన వేటు వేగంగా లేదు. ఆయన కత్తి ఒరలోకి వెళ్తున్నప్పుడు నా చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. త్సుబా తగిలిన చప్పుడు కూడా వినిపించలేదు. ఆయన లేచి, వెనక్కి నడిచి, వంగి నమస్కరించి గీత దాటేదాకా ఎవరూ కదలలేదు.

క్లాసు అయ్యాక వెంటనే బట్టలు మార్చుకోవడానికి పరుగెత్తకండి. మెకుగి వదులైందేమో వేలితో నొక్కి చూడండి, బయటికి వచ్చి ఉంటే లోపలికి తట్టండి. మెత్తటి బట్టతో అలుగుని వీపు వైపు నుంచి పట్టుకుని, పిడి దగ్గర నుంచి మొన దాకా ఒకే దిశలో తుడవండి. చెమట మరకలు త్సుబా మీద ఎక్కువ పడతాయి, అక్కడ రెండుసార్లు తుడవాలి. ఒరకి ఉండే సగెఒ అనే తాడుని సెన్సెయ్ చూపిన పద్ధతిలో ముడి వేసి, కత్తిని సంచీలో పెట్టి మూతి కట్టేయండి. మా దగ్గర తొమ్మిదింటికి దీపాలు ఆర్పేస్తారు. దానికి పది నిమిషాల ముందు, దాన్‌తో సంబంధం లేకుండా అందరం వరసగా నిలబడి, తడిబట్టలతో నేల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తుడుస్తాం. కొత్తగా వచ్చినవాళ్లు బట్ట ఎక్కడుందో అడగండి, తలుపు పక్కన బకెట్‌లో ఉంటుంది.